చిక్కుడు పాదు కింద అరుదైన జీవి

సిడ్నీకి గంట దూరంలో కూరాబిన్ అనే పేట ఉంది. అక్కడ చెత్తబండి వేళకి వస్తుంది, కుళాయి తిప్పితే నీళ్ళు వస్తాయి, వీధి దీపాలు వెలుగుతాయి. చెయ్యడానికి ఇంకేమీ మిగలక అక్కడి కౌన్సిల్ వారు ఒకనాడు కూర్చుని, పేటలో ప్రతి ఇంటి పెరడూ ఒక అభయారణ్యమేనని తీర్మానం చేశారు. పెరట్లో ఏ పిట్ట వాలినా, ఏ బల్లి పాకినా, ఏ సాలీడు గూడల్లినా ఇంటివారు ఫొటో తీసి కౌన్సిల్ వారి జీవుల చిట్టాకి పంపాలి. చిట్టా దగ్గర ఒక యంత్రం ఉంటుంది. ఫొటో చూసి అది ఏ జీవో అదే తేలుస్తుంది. యంత్రం తేల్చిందే జీవి. తేల్చనిది, కళ్ళెదుట గంతులేస్తున్నా సరే, లేనట్టే.

నెల తిరిగేసరికి పేటంతా మోచేతుల మీద పాకుతోంది. పెద్ద పెద్ద ఉద్యోగాలు చేసే మనుషులు పొద్దున్నే గడ్డిలో బోర్లా పడుకుని నత్తలకి ఫొటోలు తీస్తున్నారు. బజార్లో ఎదురుపడితే పిల్లలు బావున్నారా అని అడగడం మానేసి మీవి ఎన్నయ్యాయని అడుగుతున్నారు. పక్కింటి ట్రెవర్‌వి యాభై ఎనిమిది అయ్యాయి. చక్రధర్‌వి ఏడు.

ఏడంటే ఏడే. రెండు రకాల తెలుపూ నలుపూ కాకులు, ఒక గువ్వ, చెత్తడబ్బా కెలికే ఒక పొడుగు ముక్కు కొంగ, నీలం నాలుక బల్లి ఒకటి, రాత్రిళ్ళు ఇంటి కప్పు మీద పరిగెత్తే పోసమ్ అనే పిల్లిలాంటి జంతువొకటి, ఒక నత్త. చక్రధర్‌కి ఆఫీసులో తలెత్తుకు తిరగడం కష్టమైపోయింది. కెమెరాకి మోచెయ్యంత పొడుగు కటకం కొన్నాడు. అది మెళ్ళో వేసుకుని పెరట్లో నిలబడితే, ఉన్న గువ్వ కూడా ఎగిరిపోయింది.

ఆ ఇంట్లో చక్రధర్, అతని భార్య సత్యవేణి కాక ఇంకో మనిషి కూడా ఉన్నాడు. సత్యవేణి తండ్రి నూకరాజు. కడియపులంక నర్సరీల్లో నలభై ఏళ్ళు గులాబీ అంట్లు కట్టిన చెయ్యి ఆయనది. భార్య పోయిన రెండేళ్ళకి, ఆరు నెలలు ఉండి వెళ్ళమని కూతురు రప్పించుకుంది. వచ్చిన రోజు నించీ ఆయనకి చేతికి పని లేదు. గిన్నెలు తోముదామంటే మిషనుంది, బట్టలు ఉతుకుదామంటే మిషనుంది, ఇల్లు ఊడుద్దామంటే తాబేల్లాంటి మిషనొకటి దానంతటదే తిరుగుతూ కాళ్ళకి అడ్డం వస్తుంది. వెతగ్గా వెతగ్గా కంచె పక్కన ఆరడుగుల నేల కనబడింది. మన సరుకుల కొట్లో చిక్కుడు గింజలు దొరికాయి. పాదు పెట్టాడు, పందిరి కట్టాడు. అక్కడ ఏప్రిల్ నెలకి చలి మొదలవుతుంది. చలి తగలగానే చిక్కుడు ఊదారంగు పూత పూసింది. పూతతో పాటే ఆకుల రసం పీల్చే పేనుబంకా పట్టింది.

పేనుబంకకి నూకరాజు దగ్గర ఒకటే మందు. అల్లుడు మాంసం కాల్చుకునే పొయ్యిలో బూడిద జల్లించి, తెల్లారగట్ల మంచు ఆరకముందే ఆకు అడుగున చల్లేవాడు. మంచు తడికి బూడిద అంటుకోవాలి. వారం పది రోజులు చల్లకపోతే తీగంతా నల్లబడి ముడుచుకుపోతుంది.

"మావయ్య గారూ," అన్నాడు చక్రధర్ ఒక ఆదివారం. "మీరలా పురుగులన్నింటినీ చంపేస్తుంటే మన చిట్టా ఎలా పెరుగుతుందండీ?"

"పేనుబంకనే ఫొటో తీసి పంపించెయ్యండి అల్లుడు గారూ. ఆయ్. మన పాదు మీద లచ్చల్లో ఉంది. ఆ టైవరు గారి దగ్గర అన్ని ఉండవు."

"లక్షలున్నా అది ఒకటేనండి. రకాలు కావాలి."

రకాల కోసం చక్రధర్ కంచెకి ఒక కెమెరా బిగించాడు. ఎదర ఏది కదిలినా అదే ఫొటో తీసి, చప్పుడుతో సహా ఎవర్నీ అడక్కుండా తిన్నగా చిట్టాకి పంపించేస్తుంది. ఆ సంగతి నూకరాజుకి ఎవరూ చెప్పలేదు.

మర్నాడు తెల్లారగట్ల చినుకులు పడుతున్నాయి, చలి వేస్తోంది. అల్లుడి గొడుగు పట్టుకుంటే ఒక చెయ్యి పోతుంది. నర్సరీలో వానొస్తే ఏం చేసేవాడో నూకరాజు అదే చేశాడు. బియ్యం వచ్చిన గోనెసంచి తీసుకుని, ఒక మూలని ఇంకో మూలలోకి దోపి, తల మీద నించి వీపు మీదకి గూడలా వేసుకున్నాడు. నెత్తిన గోనె కొస ఒకటి నిక్కబొడుచుకుని నిలబడింది. పెరట్లోనే నాలుకబద్దతో గట్టిగా నాలుక గీసుకుని, గొంతు సవరించుకుని, పంచె ఎగ్గట్టి పాదు కింద గొంతుక్కూచున్నాడు. కంచె మీద కెమెరా కన్ను ఎర్రగా మెరిసింది.

ఆయన కాఫీ తాగుతుండగా చక్రధర్ ఫోను పట్టుకుని మెట్ల మీద నించి దూకినట్టు వచ్చాడు.

"వేణీ! కొత్త జీవి! ప్రపంచంలో ఇంతవరకూ ఎక్కడా చిట్టాకెక్కలేదుట! మన పెరట్లో!"

సత్యవేణి ఫోను అందుకుని చూసింది. యంత్రం పేరు కూడా పెట్టేసింది: గోధుమశిఖ నేలదువ్వి. నేల మీద కూర్చుని మేస్తుంది, తోక లేదు, ఒంటరిది, అత్యంత అరుదు. కింద బొమ్మ. ఆవిడ బొమ్మకేసి చూసింది, తండ్రికేసి చూసింది, మళ్ళీ బొమ్మకేసి చూసింది.

"ఏవండీ, ఇది నాన్న."

చక్రధర్ ముఖం వాడిపోయింది. పాపం మంచివాడే, అబద్ధం నిలబెట్టుకోవాలని లేదు. అప్పుడే చిట్టాకి రాశాడు: పొరపాటు జరిగింది, అది మా మామగారు. నిమిషంలో జవాబొచ్చింది. చిట్టాకెక్కిన జీవిని తీసేయాలంటే అది లేదని రుజువు చెయ్యాలి. అది కనబడని ఫొటోలు వెయ్యి పంపాలి. పంపినా, వరసగా పది రోజులు కనబడకపోతే అది లేనట్టు కాదు, అంతరించినట్టు. అంతరిస్తే అందుకు ఇంటివారు బాధ్యులు.

మధ్యాహ్నానికి కౌన్సిల్ అధికారి వచ్చాడు. తెలుగిళ్ళకి తెలుగులో చెప్పడానికి కౌన్సిల్ వారు పెట్టుకున్న మనిషి. పేరు వామనరావు. చిన్న మనిషి, పెద్ద సంచీ. సంచీలోంచి పసుపుపచ్చ పట్టీ చుట్ట తీసి, పెరడు చుట్టూ కట్టించి, అప్పుడు హాల్లోకొచ్చి కాగితం చదివాడు.

"ఇందుమూలముగా సదరు గృహస్థులకు తెలియజేయునదేమనగా, సదరు పెరడు అతి సున్నిత ఆవాసముగా ప్రకటించబడినది. సూర్యోదయము మొదలు సూర్యాస్తమయము వరకు సదరు జీవి మేత సమయము గాన మానవ ప్రవేశము నిషిద్ధము."

"అయితే చీకటి పడ్డాక ఎళ్ళొచ్చాండి?" అన్నాడు నూకరాజు.

"మిగిలిన వేళ సదరు జీవి నిద్రా సమయము. అప్పుడును నిషిద్ధము."

"బాబూ, ఆ జీవి నేనేనండి."

వామనరావు కళ్ళజోడు పైకి తోసుకున్నాడు. "తమరు అని చిట్టాలో లేదే."

"చిట్టాకేం తెలుసండి? ఉండండి, చూపిత్తాను." నూకరాజు లోపలికెళ్ళి గోనెసంచి వేసుకొచ్చి, సోఫా పక్కన గొంతుక్కూచుని, బూడిద చల్లుతున్నట్టు చెయ్యి ఆడించాడు. వామనరావు ఒక అడుగు వెనక్కి వేశాడు. ఫోను తీసి ఫొటో తీసి పంపాడు. యంత్రం వెంటనే చెప్పింది: ఈ జీవి సోఫా పక్కన నివసించదు. ఇది నకిలీ.

"చూశారా," అన్నాడు వామనరావు. "రక్షిత జీవి వేషము ధరించుట నేరము. వయోవృద్ధులు గాన ఈ పర్యాయము మందలింపుతో విడుచుచున్నాము."

"నేను నేను కాదంటాడేంటమ్మా ఈయన?" అన్నాడు నూకరాజు కూతురితో.

"మీరు మీరే నాన్నా. కానీ అది మీరు కాదుట."

మర్నాటి నించి వీధిలో కార్లు ఆపడానికి చోటు లేదు. ఎక్కడెక్కడి వాళ్ళో ఆకుపచ్చ చొక్కాలు వేసుకుని, మెళ్ళో దుర్భిణీలు వేలాడేసుకుని, కంచె బయట మడత కుర్చీలు వేసుకుని కూర్చున్నారు. ట్రెవర్ తన పెరట్లో నిచ్చెన వేసి, ఎక్కడానికి వరస పెట్టాడు. తన యాభై ఎనిమిదీ ఇప్పుడు ఎవరికీ అక్కర్లేదు, పాపం.

వంటింటి కిటికీలోంచి నూకరాజు పాదుకేసి చూశాడు. మూడు చిగుళ్ళు నల్లబడ్డాయి.

మూడో రోజుకి డాక్టర్ విన్‌స్లో దిగింది. పిట్టల మీద పెద్ద పండితురాలు. కెమెరాలో పడ్డ చప్పుడు ఆవిడ కళ్ళు మూసుకుని నలభై సార్లు వింది. అది నూకరాజు నాలుక గీసుకున్న చప్పుడు. విని ఒక మాట చెప్పింది, వామనరావు దాన్ని తెలుగు చేశాడు.

"ఇది ప్రాదేశిక కూత. 'ఈ నేల నాది, ఎవరును రావలదు' అని జీవి హెచ్చరించుచున్నది."

"కాదండి బాబూ. నాలిక మీద పాచి తీసుకుంటుంటే వచ్చిందది."

"అది తమ వ్యక్తిగత అభిప్రాయము."

ఆ కూతని పెద్ద డబ్బాలో పెట్టి తెల్లారగట్ల వినిపిస్తే జీవి దానంతటదే బయటికొస్తుందని డాక్టర్ గారి ఆలోచన. నాలుగో రోజు చీకట్లు విడుతుండగా కంచె దగ్గర నలభై మంది ఊపిరి బిగబట్టి కూర్చున్నారు. డబ్బా లోంచి "ఖ్ఖా... ఖ్ఖా... అఖ్ఖా..." అని నూకరాజు గొంతు వీధి వీధంతా వినబడింది. సరిగ్గా అప్పుడే ఆ గొంతు తాలూకు ఆసామి పంచె సర్దుకుంటూ స్నానాలగదిలోకి వెళ్ళి, నాలుకబద్ద తీసుకుని, రోజూ చేసే పనే చేశాడు. కిటికీ తెరిచి ఉంది.

"ఖ్ఖా... అఖ్ఖా... హరీ!"

బయట నలభై మందీ ఒకళ్ళనొకళ్ళు కావలించుకున్నారు. డాక్టర్ విన్‌స్లో కళ్ళు తుడుచుకుంది. జీవి జవాబు చెప్పింది! పైగా చివర కొత్త స్వరం ఒకటి చేర్చింది!

పది గంటలకల్లా వామనరావు వచ్చి స్నానాలగది తలుపుకి అడ్డంగా పసుపు పట్టీ కట్టాడు. జీవి తన ఆవాసాన్ని గది వరకూ విస్తరించిందని కొత్త ఉత్తర్వు. ఇక ముగ్గురూ బ్రష్షులు, తువ్వాళ్ళు పట్టుకుని ట్రెవర్ ఇంటికి వెళ్ళడం మొదలెట్టారు. అక్కడ నూకరాజు నాలుక గీసుకోబోతే కూతురు చెయ్యి పట్టుకు ఆపేసింది.

"వద్దు నాన్నా. వాళ్ళ ఇల్లు కూడా పోతుంది."

ఏడో రోజుకి పాదు సగం నల్లబడింది. పూత రాలుతోంది. నూకరాజుకి అన్నం సయించలేదు. పట్టీ దాటి ఒక్క చేరెడు బూడిద చల్లి వచ్చేద్దామని ఒక కాలు లోపల పెట్టాడో లేదో, కంచె బయట నలభై మంది ఒక్కసారి "మనిషి! మనిషి!" అని అరిచారు. కాలు తీసేశాడు. పుట్టి బుద్ధెరిగాక ఆయన్ని మనిషని ఎవరూ అంత గట్టిగా తిట్టలేదు.

ఎనిమిదో రోజు వామనరావు పరిశీలనకి వచ్చేసరికి మధ్యాహ్నం అయింది. ఇంట్లో అందరూ భోజనాలకి కూర్చున్నారు. తెలుగిళ్ళలో భోజనం వేళకి వచ్చిన మనిషిని, ఇల్లు జప్తు చెయ్యడానికి వచ్చినా సరే, తినకుండా పంపరు కదా. సత్యవేణి కంచం పెట్టింది. పట్టీ కట్టక ముందు కోసి దాచిన చిక్కుడుకాయలు గుప్పెడున్నాయి, అల్లం పచ్చిమిర్చి దంచి వేసి కూర చేసింది.

వామనరావు ఒక ముద్ద కలుపుకుని నోట్లో పెట్టుకున్నాడు. నమలడం ఆపేశాడు.

"ఇది పాదు కాయేనా అండి?" అన్నాడు. గొంతు మారిపోయింది.

"ఆ పాదేనండి. మీరు పట్టీ కట్టారే, అదే."

"మాది మండపేట అవతలండి. పదకొండేళ్ళయింది ఇలాంటి కాయ తిని. ఇక్కడ కొట్లో దొరికేది గడ్డకట్టించిన సరుకు, పీచు నములుతున్నట్టుంటది." ఇంకో ముద్ద తిన్నాడు. "పాదెలాగుందండి?"

"ఎలాగుంటదండి? పేను తినేత్తంది. ఇంకో రెండు రోజులు బూడిద పడకపోతే ఏరుతో సహా పోద్ది. ఎల్లుండికి పది రోజులు. మీ జీవీ పోద్ది, నా పాదూ పోద్ది. మీరూ నేనూ ఇద్దరం ఊరుకోవచ్చు."

వామనరావు కంచంలో వేలు పెట్టి గీతలు గీస్తూ కూర్చున్నాడు. "నేను రూలు మార్చలేనండి. యంత్రం చెప్పిందే రూలు. పెరట్లోకి మనిషి వెళ్ళకూడదు. వెళ్తే ఆ జీవే వెళ్ళాలి."

"నేనే జీవినని ఎనిమిది రోజులై మొత్తుకుంటన్నాను కదండీ!"

"కాదు, ఉండండుండండి." వామనరావు చెయ్యి కడుక్కోకుండానే సంచీలోంచి రూళ్ళ పుస్తకం లాగి, ఎడమచేత్తో తిరగేశాడు. అరవై రెండో పేజీలో ఆగి, అధికారి గొంతు పెట్టాడు. "అడవి బాతులను రప్పించుటకు చెక్క బాతును నీటియందు విడుచుట పరిపాటి. అటులనే, కనుమరుగగుచున్న జీవిని రప్పించుటకు, దానిని పోలిన బొమ్మను సదరు ఆవాసమునందు ఉంచవచ్చును." పుస్తకం మూసి, గొంతు దించాడు. "బొమ్మ దేనితో చెయ్యాలో ఎక్కడా రాయలేదండి."

సాయంత్రానికి అనుమతి వచ్చేసింది. నూకరాజు బొమ్మగా నియమితుడయ్యాడు. షరతులు అయిదు: గోనెసంచి తియ్యకూడదు, నిటారుగా నిలబడకూడదు, మాట్లాడకూడదు, ఎవరైనా పిలిస్తే పలకకూడదు, ఉదయం ఒకసారి విధిగా నాలుక గీసుకోవాలి.

తొమ్మిదో రోజు తెల్లారగట్ల నూకరాజు గోనెసంచి వేసుకుని, బూడిద తట్ట చంకన పెట్టుకుని, పసుపు పట్టీ కింద నించి దూరాడు. ఎవరూ అరవలేదు. పాదు కింద కూర్చుని ఒక్కొక్క ఆకూ తిరగేశాడు. అడుగున నల్లగా పేరుకున్న పేనుని వేళ్ళతో తుడిచి, ముడుచుకున్న చిగుళ్ళు గిల్లి పారేసి, మిగిలిన తీగంతా బూడిద చల్లాడు. కంచె బయట కెమెరాలు టకటకలాడాయి. యంత్రం ప్రకటించింది: గోధుమశిఖ నేలదువ్వి తిరిగి వచ్చినది. సంఖ్య: ఒకటి. పరిస్థితి: నిలకడ. బొమ్మని చూసి జీవి ఎంత బాగా నమ్మిందో చూశారా అని డాక్టర్ విన్‌స్లో ఒక వ్యాసం రాసుకుంది. బొమ్మా జీవీ ఒక్క ఫొటోలోనూ కలిసి కనబడలేదేమని ఎవరో అడిగితే, అరుదైన జీవికి బిడియం ఎక్కువంది.

రెండు వారాలకి పాదు తేరుకుని మళ్ళీ పూసింది. కౌన్సిల్ నించి ఇంకో కాగితం వచ్చింది. జీవి ఒంటరిగా ఉంది గనక దానికి జంటని వెతికి తేవాలని సంకల్పించారుట. వామనరావు చదివి వినిపించాక నూకరాజు గోళ్ళలో ఇరుక్కున్న బూడిద తీసుకున్నాడు.

"ఆవిడ ఎళ్ళిపోయి రెండేళ్ళు దాటింది బాబూ," అన్నాడు. "చిక్కుడు పాదంటే ఆవిడదే. నేనేదో ఆవిడ చేసినట్టు చేత్తన్నానంతే. ఇంకెవర్నీ తేవద్దని రాసెయ్యండి."

వామనరావు కలం తీసి, "సదరు జాతి జీవితాంతము ఒకే జంటతో ఉండును" అని రాసుకున్నాడు. సంచీలో ఆయన వాటా చిక్కుడుకాయలు వేసుకుని, గుమ్మం దాకా వెళ్ళి వెనక్కి తిరిగాడు. "తమ ప్రయాణం ఎప్పుడండి?"

"వచ్చే గురారమండి. ఆరు నెలలూ అయిపోయినాయి."

అప్పుడు తట్టింది అందరికీ. నూకరాజు విమానం ఎక్కిన పదో రోజుకి జీవి అంతరిస్తుంది. అంతరించిన చోటుని కౌన్సిల్ వారు స్మారక స్థలం చేస్తారు. పెరడు శాశ్వతంగా మూత. పాదు కాయలు ముదిరి, ఎండి, ఎవరూ కొయ్యకుండా రాలిపోతాయి. నూకరాజు అల్లుడికేసి చూశాడు. సత్యవేణి మొగుడికేసి చూసింది. వామనరావు కూడా కొంచెం ఆశగా చూశాడు.

"నాకు మట్టి పడదండి," అన్నాడు చక్రధర్. "తుమ్ములొస్తాయి."

"బొమ్మ తుమ్మరాదని ఎచ్చటను రాసి లేదు," అన్నాడు వామనరావు.

బుధవారం తెల్లారగట్ల నూకరాజు తన చేత్తో అల్లుడికి గోనెసంచి దోపి తల మీద వేశాడు. "ఆకు అడుగున చల్లాలి అల్లుడు గారూ. పైన చల్లితే గాలికి పోద్ది. చిగురు పట్టుకుని లాగెయ్యకండి, చంటిబిడ్డ చెవి పట్టుకున్నట్టు పట్టుకోండి." చక్రధర్ తలూపాడు. కటకం అరుగు మీద పెట్టేసి, పట్టీ కింద నించి దూరబోయి ఒకసారి చిక్కుకుని, మళ్ళీ దూరాడు.

నూకరాజూ సత్యవేణీ వంటింటి కిటికీ దగ్గర నిలబడ్డారు. చక్రధర్ గొంతుక్కూచోబోయి వెనక్కి పడ్డాడు. లేచాడు. గోనె కళ్ళ మీదకి జారింది. బూడిద ఆకు మీద కన్నా ముక్కులో ఎక్కువ పడింది. తుమ్మాడు. తుమ్మి, ఎవరూ నవ్వలేదు కదా అని చుట్టూ చూసి, ఒక ఆకు పట్టుకుని మెల్లిగా తిరగేశాడు. ఆ తర్వాత ఇంకొకటి. నాలుగో ఆకు దగ్గరికి వచ్చేసరికి చెయ్యి కుదురుకుంది.

సత్యవేణి చేతిలో ఫోను మోగింది. చదివి, నవ్వు ఆపుకోలేక గట్టు పట్టుకుని వంగిపోయింది.

"ఏంటమ్మా? నకిలీ అందా?"

"కాదు నాన్నా. గోధుమశిఖ నేలదువ్వేనంట. కానీ ఇది వేరే జీవంట. 'పిల్ల. ఇంకా కూత రాలేదు. మేత మెయ్యడం నేర్చుకుంటోంది. జాతి నిలబడినది.'"

నూకరాజు కిటికీలోంచి చూస్తూ తల పంకించాడు. "ఇన్నాళ్ళకి ఆ మిషను ఒక్క నిజం చెప్పిందే."

పాదు కింద చక్రధర్ ఏదో సందేహం వచ్చినట్టు ఒక చిగురు పట్టుకుని కిటికీకేసి చూశాడు. గిల్లాలా, ఉంచాలా? అడగడానికి లేదు, బొమ్మ మాట్లాడకూడదు. చెప్పడానికీ లేదు, మనుషులు అరిస్తే కంచె బయటి వాళ్ళు ఊరుకోరు. నూకరాజు కిటికీ రెక్క కొంచెం తెరిచి, గొంతు సవరించుకున్నాడు.

"ఖ్ఖా... అఖ్ఖా."

చిక్కుడు పాదు కింద నించి సన్నగా, పీలగా, ఇంకా సరిగ్గా పలకని గొంతొకటి జవాబిచ్చింది.